బోర్డు మీద గ్లూ గన్ జిగురు ఊడాలంటే

మా భీమవరం వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లకు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలకు) వాడే టైమర్ బోర్డులు రిపేరుకొస్తే, వైర్లు కదలకుండా గ్లూ గన్‌తో ముద్దలు ముద్దలుగా జిగురు పోసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే జిగురుతో పాటు బోర్డు మీద కరెంటు పారే రాగి గీత కూడా లేచొస్తుంది. అలా పోయిన బోర్డును చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు కరెంటు తీసేసి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయో లేదో, అంటే వాటిలో నిల్వ ఉన్న కరెంటు పోయిందో లేదో మీటరుతో చూసుకోండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సిరంజిలోకి తీసుకుని, జిగురు అంచు చుట్టూ నాలుగైదు చుక్కలు వేయండి. ముద్ద పైన పోస్తే లాభం లేదు, అంచు కిందికి దిగాలి. ఒక నిమిషం ఆగి వెదురు పుల్లతో మెల్లగా లేపితే చాలాసార్లు ముద్ద మొత్తం ఊడొస్తుంది. రాకపోతే బలం పెట్టొద్దు, ఇంకో రెండు చుక్కలు వేసి ఆగండి. ఆ తర్వాత అరగంట ఫ్యాన్ కింద ఆరబెట్టాకే కరెంటు ఇవ్వండి. వానాకాలమైతే గంట ఉంచడం మేలు. ఈ ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, వేడి సోల్డరింగ్ ఐరన్ దగ్గర్లో ఉండకూడదు.

ఫెవిక్విక్ లాంటి జిగురుకు మాత్రం ఇది పనిచేయదు. దానికి అసిటోన్ వాడతారు గానీ, అది కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోసిన బోర్డునైతే నేను అసలు ముట్టుకోను.