కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే: నా అనుభవం

లక్షణం ఇది: కార్డు మార్చినా 1080పీ (1920×1080 రిజల్యూషన్)లో ఆట ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య) దాదాపు మునుపటిలాగే ఉంది. జీపీయూ (కార్డులోని గ్రాఫిక్స్ చిప్) వాడకం 60 శాతం దాటదు, జనం ఎక్కువున్న సీన్లలో ఆట తడబడుతుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయడం, విండోస్ కొత్తగా ఎక్కించడం, పవర్ ప్లాన్ మార్చడం ఏవీ పనిచేయలేదు.

దారి చూపింది ఒక చిన్న పరీక్ష. ముందు వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. ఆటలో ఒకేచోట నిలబడి రెండర్ స్కేల్‌ను (ఆట బొమ్మను గీసే రిజల్యూషన్ శాతాన్ని) 100 నుంచి 50కి దించాలి. ఎఫ్‌పీఎస్ కదల్లేదంటే కార్డు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. టాస్క్ మేనేజర్‌లో మొత్తం సీపీయూ (ప్రాసెసర్) వాడకం 40 శాతమే ఉందని ధీమా పడొద్దు. ఆటలోని ముఖ్యమైన థ్రెడ్ (వరుసగా నడిచే పని) ఒక్క కోర్ వేగం దగ్గరే ఇరుక్కుపోవచ్చు.

ప్రాసెసర్ కొనేముందు ర్యామ్ చూశాను. 3200 వేగం గల స్టిక్కులు 2133 దగ్గర నడుస్తున్నాయి, పైగా రెండూ ఒకే ఛానెల్‌లో (ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య డేటా వెళ్లే దారిలో) ఉన్నాయి. సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలోకి మార్చి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను. తడబాటు చాలావరకు పోయింది. మిగిలింది అదే సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట) పట్టే మెరుగైన ప్రాసెసర్‌తో తీరింది. పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, లేకపోతే కొత్త చిప్‌తో బోర్డు లేవకపోవచ్చు.

ఇది అందరికీ వర్తిస్తుందని చెప్పను. 1440పీ, 4కే వంటి పెద్ద రిజల్యూషన్లలో బరువు ఎక్కువగా కార్డు మీదే పడుతుంది. అక్కడ స్కేల్ దించగానే ఎఫ్‌పీఎస్ ఎగిరితే, డబ్బు కార్డుకే పెట్టండి.