ఎండకు జిగటెక్కిన స్టీరింగ్‌కి షాంపూ నీళ్లు

ఎండలో పెట్టిన కారెక్కి స్టీరింగ్ పట్టుకుంటే చేతికి బెల్లం పాకంలా అంటుకుంటోందా? చాలావరకు అది చెమట, చేతులకు రాసుకున్న క్రీముల జిడ్డే.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఐదారు చుక్కల బేబీ షాంపూ కలిపి, మెత్తటి గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండాలి. కారు నీడలో పెట్టి, స్టీరింగ్ చల్లబడ్డాకే తుడవాలి. వేడి మీద తుడిస్తే షాంపూ అక్కడే ఎండిపోయి మళ్లీ జిగటే. కుట్ల దగ్గర మెత్తటి పాత టూత్‌బ్రష్ మెల్లగా తిప్పండి. అక్కడ వచ్చిన మురికి చూసి మా ఆవిడ ఆ గుడ్డను ఇంట్లోకి రానివ్వలేదు! తర్వాత ఉత్త నీళ్ల తడిగుడ్డతో రెండుసార్లు, చివర పొడిగుడ్డతో ఒకసారి. పావుగంట పని.

ఎన్నిసార్లు తుడిచినా గుడ్డకు నలుపు అంటుతూనే ఉంటే మాత్రం అది మురికి కాదు, పైపూతే పాడైపోతోంది. అప్పుడు ఈ చిట్కా పనిచేయదు, కొత్త కవర్ కుట్టించుకోవాల్సిందే.