చెప్పుల డబ్బాలో ఇంగ్లీషు

మా ఆఫీసు విశాఖ పోర్టు ఏరియాలో. కంటైనర్ల కాగితాలు చూసే పని. కొత్తగా చేరే కుర్రాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, తెలుగు మీడియంలో చదువుకుని వస్తారు. నెల తిరక్కుండానే అడుగుతారు: "సార్, ఇంగ్లీషు మాటలు పెరగాలంటే ఏ పుస్తకం కొనాలి?" ఏదీ కొనొద్దంటాను. ముఖ్యంగా ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పట్టించేవి. అందులో 'బి' ముఖం చూసినవాణ్ణి నేనింతవరకు ఎరగను.

ముందు మీ దగ్గరున్న సరుకు లెక్క చూసుకోండి. లీవు, డ్యూటీ, బిల్లు, క్లియర్, బుక్... ఇంగ్లీషు రాదనుకునేవాళ్ల నోట్లోనూ రోజంతా ఇవి నలుగుతూనే ఉంటాయి. కాకపోతే ఒక్కోదాన్ని ఒకటి రెండు అర్థాల్లోనే వాడతాం. డ్యూటీకి వెళ్తున్నానంటాం, కస్టమ్స్ కాగితంలో డ్యూటీ అంటే సుంకమని తెలీక బుర్ర గోక్కుంటాం. అలాంటి మాటలు ఓ యాభై రాసి, మిగతా అర్థాలు లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీలో చూడండి. అందులో సుమారు 2000 తేలిక మాటలతోనే అర్థాలు చెబుతారు కాబట్టి ఒక మాట కోసం వెళ్లి ఇంకో నాలుగింట్లో ఇరుక్కునే టెన్షన్ ఉండదు.

ఆ తర్వాత న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్ అని నెట్‌లో వెతకండి. బాగా తరచుగా వాడే సుమారు 2800 మాటలు, ఉచితం. 1953లో మైకేల్ వెస్ట్ వేసిన పాత జాబితా స్థానంలో 2013లో దీన్ని తయారుచేశారు. తెలిసినవి కొట్టేస్తూ పొండి, మిగిలినవే మీ పని.

వాటిని గుర్తుపెట్టుకోవడానికి నాకు నచ్చింది చెప్పుల డబ్బా. అట్టముక్కలు అడ్డం పెట్టి అయిదు అరలు చేయండి. పాత శుభలేఖలు కత్తిరిస్తే కార్డులకు కొదవుండదు. కార్డు మీద మాట ఒక్కటే రాయొద్దు, వాక్యం రాయండి. ఒకవైపు తెలుగులో: "పెద్ద వాన వల్ల ఓడ ఆలస్యమైంది." రెండోవైపు: "ద వెసెల్ వజ్ డిలేడ్ డ్యూ టు హెవీ రెయిన్." ఆ 'హెవీ'ని చూశారా? వానకి అదే వాడతారు, 'బిగ్ రెయిన్' అనరు. ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో ఇలా వాక్యంతోపాటే వచ్చేస్తుంది.

తెలుగు చూసి, ఇంగ్లీషు పైకి అని, అప్పుడు తిప్పాలి. సరిగ్గా వస్తే కార్డు తర్వాతి అరలోకి, తప్పితే ఎక్కడున్నా మొదటి అరలోకి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, చివరివి ఇంకా తీరిగ్గా. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్‌లో అంకీ యాప్ ఇంచుమించు ఇదే పని చేస్తుంది గానీ, చేత్తో రాసిందే నాకు నిలుస్తుంది. కొత్త కార్డులు రోజుకు అయిదు చాలు. ఉత్సాహం కొద్దీ ముప్ఫై రాసినవాళ్ల డబ్బా వారానికే అటకెక్కుతుంది.

చదవడానికి మీకు ముందే తెలిసిన సంగతులు ఎంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడినప్పటి ఇంగ్లీషు వార్తలు తీయండి. చెట్లు కూలడం, కరెంటు లేక రోజుల తరబడి నీళ్లకు అల్లాడటం కళ్లారా చూసినవాళ్లకు 'అప్‌రూటెడ్', 'ల్యాండ్‌ఫాల్', 'రెస్టోర్' లాంటివాటికి డిక్షనరీతో పనేముంది? అప్పటికి చిన్నపిల్లలైతే ఇంట్లో అమ్మనడగండి, పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఇక వాడకం. ఆ వారం కార్డుల్లోని మాటలు ముందు తోటి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో వాడండి, నవ్వితే నవ్వనీండి. మేనేజర్‌కి వెళ్లే మెయిల్లో మాత్రం నాలుగో అర దాటిన మాటలే.