పిల్లి లిట్టర్ దుమ్ము తగ్గించుకున్నానిలా: నా అనుభవం

గుంటూరులో ఎవరు తుమ్మినా ముందు నింద మిరపకాయల మీదికే పోతుంది. బ్రాడీపేటలోని మా ఫ్లాట్‌లో పిల్లి తుమ్ములకు కారణం మాత్రం దాని లిట్టరే, అంటే అది మలమూత్రాలకు వెళ్లే ట్రేలో పోసే పదార్థం. సెంటు కలిపిన బెంటొనైట్ మట్టి అది, ట్రేలో పోస్తుంటే పొగలా లేచేది. బెంటొనైట్ తడి తగలగానే చక్కగా గడ్డకడుతుంది, నిజమే. కానీ ఆ సన్నటి దుమ్ములో సిలికా అనే ఇసుకలాంటి ఖనిజం కూడా ఉంటుంది. ట్రేకి పైకప్పు ఉంటే అదంతా పిల్లి ముఖం దగ్గరే తిరుగుతుంది.

పైకప్పు తీసేసి, సెంటు లేని టోఫు లిట్టర్‌కి మారాను. సోయా పిప్పితో చేసిన చిన్న పుల్లలు, దుమ్ము చాలా తక్కువ. ఖరీదు మాత్రం ఎక్కువే. పాతదానిలో రోజూ కొంచెం కొంచెం కలుపుతూ వారం పైనే పట్టించాను. ఒక్కసారిగా మారిస్తే పిల్లిగారు అలిగి సోఫా వెనక కానిచ్చేస్తారు! ట్రేలో 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం చాలు.

దీనికీ ఓ తంటా ఉంది. వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. అందుకే సంచి విప్పగానే గట్టి మూత ఉన్న డబ్బాలో పోస్తాను. ఫ్లష్ చేయొచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నా చేయను, పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే రోగకారక పరాన్నజీవి ఉండొచ్చు.

తుమ్ములు బాగా తగ్గాయి. లిట్టర్ మార్చినా తగ్గకపోతే, కళ్లు కారుతుంటే, ఆయాసం కనిపిస్తే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.