తమ్ముడు ఆడతాడు, నేను తేదీలు చూస్తాను: ప్రొ టెన్నిస్‌లో తొలి మూడేళ్లు నడపడం ఎలా

నాకు టెన్నిస్ రాదు. నేను సర్వీస్ చేస్తే బంతి నెట్ దాకా వెళ్లడమే గొప్ప. కానీ ఆరేళ్లుగా మా తమ్ముడి ఎంట్రీలు, టికెట్లు, వీసాలు, గదులు, చివరికి ఫైన్లు కూడా నా చేతి మీదుగానే నడుస్తున్నాయి. వాడి ఫోర్‌హ్యాండ్ సంగతి కోచ్ చూసుకుంటాడు. వాడు ఏ వారం ఏ ఊళ్లో ఉండాలో నేను చూసుకుంటాను. జూనియర్స్ దాటి ప్రొఫెషనల్‌గా దిగే ఎవరికైనా ఈ పని చేసిపెట్టే మనిషి ఒకరు కావాలి. లేకపోతే ఆడేవాళ్లే చేసుకోవాలి. ఎలాగో రాస్తున్నాను. ఇందులో సగం నేను తప్పు చేశాక తెలుసుకున్నదే.

ముందు మెట్లు ఎన్నో తెలియాలి

అన్నిటికంటే కింద ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) వరల్డ్ టెన్నిస్ టూర్. మగవాళ్లకు ఎం15, ఎం25. ఆడవాళ్లకు డబ్ల్యూ15, డబ్ల్యూ35 మొదలుకొని డబ్ల్యూ100 దాకా. ఆ పైన మగవాళ్లకు వాళ్ల ప్రొ సంఘం ఏటీపీ చాలెంజర్లు, ఆడవాళ్లకు వాళ్ల సంఘం డబ్ల్యూటీఏ 125లు. టీవీలో మనం చూసేది ఆ పైది.

ఎం15 అంటే టోర్నమెంటు మొత్తానికి 15 వేల డాలర్లు. ఒక్కరికి కాదు, సింగిల్స్, డబుల్స్ ఆడే అందరికీ కలిపి. సింగిల్స్ గెలిచినవాడికి 2,160 డాలర్లు వస్తాయి, మొదటి రౌండులో ఓడినవాడికి 156. ఆ 156లో కూడా ఆడిన దేశం పన్ను కోసుకోవచ్చు. పాయింట్లయితే గెలిచినవాడికి 15, ఫైనల్లో ఓడితే 8, సెమీస్‌లో ఓడితే 4, క్వార్టర్స్‌లో 2, రెండో రౌండులో 1. మొదటి రౌండులో ఓడితే సున్నా. గ్రాండ్‌స్లామ్ విజేతకు వచ్చేవి 2,000. ఆ గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, 128 మంది ఉంటారు. అందులో ర్యాంకు బట్టి నేరుగా వచ్చేది 104 మంది, ముందు జరిగే అర్హత పోటీలు, అంటే క్వాలిఫయింగ్, ఆడి వచ్చేది 16 మంది, నిర్వాహకులు తమ ఇష్టం మీద ఇచ్చే వైల్డ్ కార్డులు 8. ఎక్కాల్సిన మెట్లు ఎన్నో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. మొదటిసారి మా తమ్ముడికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, కాసేపు చూసి మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

ర్యాంకును కాదు, మ్యాచ్‌లను లెక్కపెట్టండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. తొలి ఏడాది నేను వాణ్ని పెద్ద పెద్ద చోట్లకు పంపాను. ఎం25లు, ఎప్పుడైనా పేరు అందితే చాలెంజర్ క్వాలిఫయింగులు. పెద్దవాళ్ల మధ్య తిరిగితే ఆట పెరుగుతుందని నా తెలివి. ఏడాది చివర నోటుబుక్కు తీసి చూస్తే 14 వారాలు తిరిగి వాడు ఆడింది 17 మ్యాచ్‌లు. అంటే చాలా వారాలు ఒక్క మ్యాచ్ ఆడి, మిగతా ఐదు రోజులు ఎవరైనా ప్రాక్టీసుకు దొరుకుతారా అని కోర్టుల చుట్టూ తిరిగాడన్నమాట. సెట్‌లో 4-5తో వెనకబడ్డప్పుడు మన సర్వీస్ గేమ్ నిలుపుకోవడం ప్రాక్టీసులో రాదు. నిజం మ్యాచ్‌లో, చెమటలో, ఓడిపోతానేమోనన్న టెన్షన్‌లో వస్తుంది.

రెండో ఏడాది నోటుబుక్కులో కొత్త గడి గీశాను: మ్యాచ్‌లు. ఒకే క్లబ్బులో వరసగా మూడు వారాలు ఎం15లు జరిగే చోట్లు వెతికాను. ఒక్కసారి ప్రయాణం, ఒకే గది, ఒకే బంతులు, ఒకే కోర్టు. మొదటి వారం పోయినా రెండో వారానికి కోర్టు అలవాటవుతుంది. ప్రతి వారం డబుల్స్ కూడా. డబుల్స్‌లో డబ్బు తక్కువే, కానీ ఆదివారం దాకా అక్కడే ఉండటానికి ఒక కారణం దొరుకుతుంది. రిటర్న్ బాగుపడుతుంది, స్నేహితులు దొరుకుతారు. ఒంటరితనం ఈ ఆటలో మోకాలి నొప్పి లాంటిది, ముందు చిన్నగానే ఉంటుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది: నాలుగు వారాల్లో రెండు వాడి స్థాయివి, ఒకటి పైస్థాయిది, ఒకటి ఖాళీ. ఖాళీ వారాన్ని ముందే రాసేస్తాను. లేకపోతే అది ఎప్పటికీ రాదు.

ఇంకో మాట. పాయింట్లు 52 వారాలే ఉంటాయి. ఈ ఏడాది ఈ వారం వచ్చినవి వచ్చే ఏడాది ఈ వారానికి రాలిపోతాయి. ఏ పాయింట్లు ఎప్పుడు రాలతాయో రాసిపెట్టుకోండి. కానీ ఆ తేదీని ఆడేవాడికి పదే పదే చెప్పకండి. నేను చెప్పాను, ఆ నెల మొత్తం మొదటి రౌండ్లే.

గురువారం, జీఎంటీ 14:00

ముందు ఐపిన్ అనే నంబరు తీసుకోవాలి. అది లేకుండా ఐటీఎఫ్‌లో ఎంట్రీ వేయలేరు. ఎంట్రీ గడువు టోర్నమెంటు సోమవారానికి 18 రోజుల ముందు వచ్చే గురువారం, జీఎంటీ 14:00 గంటలు. పేరు వెనక్కి తీసుకునే గడువు 13 రోజుల ముందు వచ్చే మంగళవారం. ఆ తర్వాత తప్పుకుంటే జరిమానా ఉంటుంది. టోర్నమెంటుకు ముందు గురువారం లిస్టు ఫ్రీజ్ అవుతుంది, అంటే ఖరారై ఆగిపోతుంది.

జీఎంటీ అన్న మూడు అక్షరాలను తేలిగ్గా తీసుకోకండి. చాలా దేశాల్లో ఎండాకాలం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, జీఎంటీ మాత్రం కదలదు. ఒక వసంతంలో నేను ఆ గంట తేడా మరచిపోయి, ఏ దిక్కు లెక్కేశానో తెలియదుగానీ, మూడు వారాల సిరీస్‌లో మొదటి వారం ఎంట్రీ పోగొట్టాను. వాడు కోప్పడలేదు. ‘‘పర్లేదులే అక్కా’’ అని పడుకున్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ రోజు నుంచి నా లాప్‌టాప్‌లో జీఎంటీ గడియారం ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది.

ఒకే వారానికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల పేరు ఇవ్వొచ్చు, ఏది ముందు ఏది తర్వాత అని వరస చెప్పాలి. వరస వేసే ముందు, పోయినేడు అదే టోర్నమెంటులో నేరుగా చోటు దొరికిన చివరి మనిషి ర్యాంకు ఎంతో చూడండి. గ్రాండ్‌స్లామ్‌లు జరిగే వారాల్లో, వాటికి ముందు వెనకల్లో ఈ గీత బాగా కదులుతుంది. పెద్దవాళ్లు ఎటు వెళ్తారో చూసి రెండో వైపు వెళ్లడం పిరికితనం కాదు.

క్వాలిఫయింగ్‌కైతే ముందు రోజు సాయంత్రం సైన్ ఇన్, అంటే అక్కడికి వెళ్లి పేరు రాయించుకోవడం, ఉంటుంది. విమానం ఆలస్యమైందన్నది అక్కడ వినరు. ఒక రోజు ముందే దిగండి.

ఇక లక్కీ లూజర్ సంగతి. క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినా, మెయిన్ డ్రాలో ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు ఓడినవాళ్లలో ఒకరికి ఇస్తారు. దానికి అక్కడ ఉండాలి, పేరు రాయించాలి. ఒకసారి వాడు ఓడిన గంటకే చవగ్గా దొరికిందని నేను రాత్రి బస్సుకు టికెట్ కొట్టాను. పొద్దున్నే ఒకరికి నడుం పట్టేసింది. ఆ చోటు మా వాడికంటే తక్కువ ర్యాంకు ఉన్న కుర్రాడికి వెళ్లింది, ఆ కుర్రాడు క్వార్టర్స్ దాకా ఆడాడు. ఆదా అయిన బస్సు చార్జీ ఎంతో ఇప్పుడు చెప్పను, సిగ్గేస్తుంది. అప్పటి నుంచి మెయిన్ డ్రా మొదటి రౌండు మొత్తం అయ్యేదాకా తిరుగు టికెట్ కొనను.

జూనియర్ నుంచి వచ్చేవాళ్లకు

జూనియర్ ర్యాంకు బాగుంటే దాన్ని వృథా చేయకండి. జూనియర్లలో పైన ఉన్నవాళ్లకు ప్రొ టోర్నమెంట్లలో కొన్ని చోట్లు విడిగా పెడతారు. 2024 నుంచి జూనియర్ టాప్ 20 అబ్బాయిలకు చాలెంజర్లలో కూడా అలాంటి చోట్లు వచ్చాయి. ఆ చోట్లకూ గడువు ఉంటుంది.

18 దాటగానే ప్రొ అయిపోవాలని ఎక్కడా లేదు. అమెరికా కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చిన జాన్ ఇస్నర్, కామెరాన్ నోరీ టాప్ 10లోకి వెళ్లారు. డేనియల్ కాలిన్స్ రెండుసార్లు కాలేజీ చాంపియన్ అయ్యాకే పూర్తిగా టూర్‌లోకి దిగింది. ఆ దారి మనసులో ఉంటే బహుమతి డబ్బు తీసుకునే ముందే కాలేజీ టెన్నిస్ అర్హత నియమాలు కనుక్కోండి, తర్వాత కాదు. అమ్మాయిలకైతే 14 నుంచి 17 ఏళ్ల మధ్య ఏడాదికి ఇన్ని ప్రొ టోర్నమెంట్లే ఆడాలని పరిమితి ఉంది. జెనిఫర్ కాప్రియాటి 1990లో 13 ఏళ్లకే ప్రొ అయింది. ఆమె పడిన ఇబ్బంది చూశాక, 90ల మధ్యలో ఈ నియమాలు బిగించారు. దీన్ని తిట్టుకునే తల్లిదండ్రులను చూశాను. నాకైతే మగపిల్లలకూ అంత గట్టిగా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఒళ్లు

దీని మీద నాకంటే ఫిజియో ఎక్కువ చెబుతాడు. నాకు తెలిసింది రెండు ముక్కలు. పాలియెస్టర్ గట్స్ (రాకెట్ తీగలు) తెగకపోయినా బిగువు పోతుంది. తెగలేదు కదా అని లాగిస్తే ఆ బరువు మోచేతి మీద పడుతుంది. గట్టింగ్ డబ్బులు మిగిల్చి డాక్టరుకు ఇవ్వకండి. రెండోది, ప్రతి వారం బంతుల కంపెనీ మారుతుంది, కోర్టు మారుతుంది. క్లే (మట్టి) కోర్టు నుంచి హార్డ్ కోర్టుకు మారే వారంలో మొదటి రెండు రోజులు సర్వీసులు తక్కువ వేయించండి.

మణికట్టు నొప్పిని చిన్న చూపు చూడొద్దు. 2020లో యూఎస్ ఓపెన్ గెలిచిన డొమినిక్ థీమ్‌కు 2021లో మణికట్టు పోయింది. మళ్లీ ఆ ఆట రాలేదు, 2024లో మానేశాడు. గాయంతో ఆరు నెలలకు పైగా దూరమైతే ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అడగొచ్చు. ఏటీపీలో గాయమైన తొలి మూడు నెలల సగటు ర్యాంకుతో తిరిగి కొన్ని టోర్నమెంట్లలోకి రానిస్తారు. అందుకే ఐదో నెలలో తొందరపడి ఒక మ్యాచ్ ఆడేసే ముందు నియమం ఒకసారి చదవండి.

మెయిళ్లు చదవండి, మందులు చూపించండి, మెసేజ్‌లు చెరిపేయకండి

నిషేధించిన మందుల జాబితా ఏటా మారుతుంది. 2016లో మెల్డోనియం ఆ జాబితాలోకి వచ్చిందన్న మెయిల్ లింకు తెరవలేదని మరియా షరపోవా స్వయంగా చెప్పింది. ఆమె చుట్టూ అంతమంది ఉండి కూడా! సిమోనా హాలెప్‌కు కలుషితమైన సప్లిమెంటు వల్ల నాలుగేళ్ల నిషేధం పడి, 2024లో తొమ్మిది నెలలకు తగ్గింది. కానీ అప్పటికే ఏడాదిన్నర ఇంట్లో కూర్చుంది. ఇగా స్వియాటెక్ పరీక్షలో దొరకడానికి కారణం నిద్రకు వేసుకున్న, కలుషితమైన మెలటోనిన్. యానిక్ సిన్నర్ దొరకడానికి కారణం మసాజ్ చేసినవాళ్ల చేతికి ఉన్న మందు. మా ఇంట్లో పద్ధతి: వాడి ఒంట్లోకి వెళ్లే ప్రతి డబ్బా ఫొటో, బ్యాచ్ నంబరుతో సహా, నా ఫోనులో ఉండాలి. వీలైనంత వరకు డబ్బాలే వద్దు.

రెండోది బెట్టింగ్. కింది స్థాయి మ్యాచ్‌ల మీదా పందాలు కాస్తారు. 156 డాలర్లు వచ్చేవాడిని కొనడం తేలిక అని వాళ్లకు తెలుసు. ఒక రాత్రి మా వాడికి మెసేజ్ వచ్చింది, మ్యాచ్ ఓడక్కర్లేదు, రెండో సెట్‌లో ఒక్క సర్వీస్ గేమ్ వదిలేస్తే చాలని. వాడు నవ్వి చెరిపేశాడు. నాకు వెన్నులో చలి పుట్టింది. ఒప్పుకోకపోతే సరిపోదు, చెప్పకపోవడం కూడా తప్పే. టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీకి వెంటనే తెలపాలి, మెసేజ్ దాచాలి. అదృష్టం కొద్దీ స్క్రీన్ మీద నోటిఫికేషన్ మిగిలింది, దాని ఫొటో తీసి పంపించాం. ఇంకోటి, ‘‘భుజం ఎలా ఉంది?’’ అని అడిగే కొత్త స్నేహితులకు జవాబు ఇవ్వొద్దని చెప్పండి, ఆ కబురు పందాలకు పనికొస్తుంది. ఓడిన రాత్రి పందెం పోయినవాళ్లు బూతులు పంపుతారు. వాడి సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్‌లు ఆ రాత్రికి నా దగ్గర ఉంటాయి.

డబ్బు

టోర్నమెంటు పేరు చివర ‘ప్లస్ హెచ్’ ఉంటే బస వాళ్లదే. అలాంటివి మొదట చూడండి. కోచ్‌ను ఒక్కరే భరించకండి, ముగ్గురు కలిసి ఒకరిని తీసుకెళ్లండి. 2025 నుంచి కోర్టు బయటి నుంచి కోచింగ్‌కు నియమాలు ఒప్పుకుంటున్నాయి కాబట్టి మనిషి ఉంటే ఉపయోగమే, కానీ ప్రతి వారం అక్కర్లేదు. జర్మనీ, ఫ్రాన్స్ క్లబ్ లీగుల్లో జట్టుకు ఆడితే డబ్బులిస్తారు. ఎం15లో గెలిచిన దానికంటే నిలకడైన సొమ్ము అక్కడే వచ్చింది మాకు. ఏటీపీ 2024 నుంచి ఆటగాళ్లకు కనీస ఆదాయ హామీ ఒకటి పెట్టింది, కానీ ఆ నీడ టాప్ 250కి చేరాకే. అంతదాకా ఎండే.

ఓడిన ఫోన్ వచ్చినప్పుడు

స్కోరు అడగకండి, మీరు లైవ్‌లో ముందే చూసేసి ఉంటారు, అది వాడికీ తెలుసు. ‘‘ఆ బ్రేక్ పాయింట్ దగ్గర ఎందుకలా...’’ అనే వాక్యం మొదలుపెట్టకండి. నేను ఒకే ప్రశ్న అడుగుతాను: ‘‘రేపు కోర్టు ఎన్నింటికి?’’ ఒకసారి వాడు, ‘‘రేపు ఆడను అక్కా, రెండు రోజులు రాకెట్ ముట్టను’’ అన్నాడు. సరే అన్నాను. మూడో రోజు వాడే కోర్టు బుక్ చేసుకున్నాడు.

ఇది రాస్తుండగానే ఇవాళ్టి గురువారం వచ్చేసింది. లాప్‌టాప్ మూల గడియారంలో 13:35. మూడు వారాల ఎం25 సిరీస్, మొదటి ప్రాధాన్యం క్లే. వాడు విమానంలో ఉన్నాడు. ఎంట్రీ వేసి, వేసినట్టు వచ్చిన మెయిల్ ఫొటో తీసి పంపాలి, దిగగానే చూసుకుంటాడు.