ఎడారి ఊరికి చెక్క సామాను తీసుకెళ్తున్నారా?
వానలు బాగా పడే చోట వాడిన చెక్కలో తేమ దాదాపు 12 శాతం ఉంటుంది. ఎడారి గాలిలో అది 6 శాతానికి దిగిపోతుంది. అప్పుడు పలక పొడవు పెద్దగా మారదు, వెడల్పే తగ్గుతుంది, మీటరుకు సెంటీమీటరు పైనే తగ్గొచ్చు. బల్ల పైపలకను చట్రానికి మరలతో గట్టిగా బిగించి ఉంటే కుంచించుకోవడానికి చోటు లేక నడిమధ్య నిలువునా పగులుతుంది. అందుకే సామాను దింపగానే చట్రంలోని మర రంధ్రాలను పలక వెడల్పు దిశలో అది కదిలేంత కోలగా తొలిచి, వెడల్పాటి వాషర్ వేసి, మరను కదలిక ఉండేలా బిగించండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పగులు కనబడగానే లప్పం మాత్రం పెట్టొద్దు, చెక్క ఇంకా ఎండుతూనే ఉంటుంది; మూణ్ణాలుగు నెలలు ఆగండి. ప్లైవుడ్‌కి ఈ గొడవ దాదాపు లేదు.