ఒంటె చిక్కిపోతోందా? సూది మందుకు ముందు మేత చూడండి

కువైట్, సౌదీ ఎడారుల్లో ఒంటెలు కాసే మనవాళ్లు రాయచోటి, రాజంపేట, జగిత్యాల వైపు నుంచి చాలామందే ఉన్నారు. ఒంటె నలతగా కనిపించగానే కఫీల్‌కి (వీసా ఇచ్చిన యజమానికి) ఫోన్ చేసి ఇంజెక్షన్ అడగడం అలవాటైపోయింది. అంతకంటే ముందు ఒక్క సంగతి గుర్తు చేసుకోండి: ఈ రెండు మూడు వారాల్లో మేత ఏమైనా మారిందా? ఊళ్లో బర్రెలు, మేకలు కాసిన అనుభవం ఇక్కడ చాలావరకు పనికొస్తుంది. ఉప్పు దగ్గర మాత్రం అస్సలు పనికిరాదు.

మట్టి నాకుతోంది, కాళ్లు బిగుసుకుంటున్నాయి, చర్మం మీద పుండ్లు, పాలు తగ్గాయి

ముందు ఉప్పు లోటును అనుమానించండి. ఎడారి మేతను బదూలు (ఇక్కడి ఎడారి పశువుల కాపరులు) రెండు రకాలుగా చూస్తారు. ఉప్పటి పొదలు హమ్ద్, ఉప్పదనం లేనివి ఖుల్లా. రిమ్త్ పొద హమ్ద్ కిందికి వస్తుంది. కువైట్ జాతీయ పుష్పం అర్ఫజ్‌లో ఆ ఉప్పదనం ఉండదు. హమ్ద్ దొరికే చోట తిరిగినన్నాళ్లూ ఒంటెకు కావలసిన ఉప్పు దానంతట అదే అందుతుంది. మందను అక్కడి నుంచి తోలుకొచ్చి దొడ్లో కట్టేసి, లూసర్న్ అనే పచ్చిమేత (ఇక్కడ జెత్ అనో బర్సీమ్ అనో అంటారు), బార్లీ మీద పెంచడం మొదలుపెట్టాక కొన్ని వారాలకు ఈ లక్షణాలు బయటపడతాయి. ఖరీదైన మేతే పెడుతున్నాం కదా, ఇలా ఎందుకైందని అందరూ తల పట్టుకునేది ఇక్కడే.

పెద్ద ఒంటెకు వారానికి దాదాపు కిలో ఉప్పు కావాలి. మన ఆవుకు వేసే చారెడు ఉప్పు దీనికి ఏ మూలకూ చాలదు. "ఉప్పు దిమ్మ వేలాడదీశాం కదా" అంటారు గానీ, గట్టి దిమ్మను నాకితే కావలసినంత అందదు. విడి కల్లుప్పును వేరే తొట్టిలో పోసి ఉంచండి. చాన్నాళ్లు ఉప్పు లేకుండా ఉన్న ఒంటెకు మొదటి రోజే తొట్టి నిండా పెట్టొద్దు, గుప్పెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. పక్కనే నీళ్లు నిండుగా ఉండాలి. నీళ్లు లేని చోట ఉప్పే విషమవుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ మేరకు ఉప్పు తగ్గించండి.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. రోజుల తరబడి హమ్ద్ తప్ప ఇంకేం దొరక్కపోతే పేడ పల్చబడుతుంది, దాహం పెరుగుతుంది. మందను కొన్నాళ్లు ఉప్పు లేని మేత వైపు తోలితే సర్దుకుంటుంది. ఒంటె పేడ మామూలుగా గట్టి ఉండల్లా, వెంటనే పొయ్యిలో పెట్టేంత పొడిగా ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని ఒకసారి చూసుకుంటే సగం సంగతులు తెలిసిపోతాయి.

మూపురం వాలిపోయింది

మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కావు. మంద మొత్తానికీ తగ్గిందంటే మేత చాలడం లేదని అర్థం. ఎండాకాలంలో పొదలు కట్టెలైపోతాయి, ఎంతసేపు తిప్పినా కడుపు నిండదు. 450-500 కిలోల ఒంటెకు ఎండు లెక్కన (మేతలోని తేమ తీసేసి చూస్తే) రోజుకు 8-10 కిలోల మేత పడాలి, పాలిచ్చేదానికి ఇంకా ఎక్కువ. సాయంత్రం దొడ్లో ఎండు లూసర్న్ కలపండి. ఉత్త గోధుమ గడ్డితో కడుపు నిండుతుంది గానీ ప్రొటీన్ అందదు. యూఏఈ, ఒమాన్ వైపు ఉన్నవాళ్లకు గాఫ్ చెట్టు దొరుకుతుంది. అది మన దసరా జమ్మి చెట్టే. ఒంటెలు దాని ఆకు ఇష్టంగా తింటాయి.

ఎముకలు నములుతోంది, ప్లాస్టిక్ తింటోంది

ఎండిన మేతలో ఫాస్ఫరస్ తక్కువ. ఆ లోటుకే ఎముకల మీదికి పోతుంది. కుళ్లిన కళేబరం ఎముకలతో బోట్యులిజం అనే విష జబ్బు వచ్చి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని వింత అలవాటని వదిలేయొద్దు. గోధుమ తవుడు, ఖనిజ లవణ మిశ్రమం లేదా డైకాల్షియం ఫాస్ఫేట్ ఇవ్వండి.

ప్లాస్టిక్‌కు మాత్రం మందు లేదు. దుబాయ్ ప్రాంతంలో చచ్చిపోయిన ఒంటెల కడుపుల్లోంచి తీసిన ముద్దల్లో ఒకటి 60 కిలోలు దాటింది. చలికాలంలో జనం ఎడారిలో విడిదికి వేసుకునే టెంట్లు ఎత్తేశాక ఆ చోట సంచులు, తాళ్లు ఏరేశాకే మందను వదలండి.

కడుపు ఉబ్బింది, నెమరు ఆగింది, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనాలు

రాత్రి బార్లీ బస్తా దగ్గరికి ఒంటె చేరిందేమో చూడండి. గింజ ఒక్కసారిగా ఎక్కువ పడితే కడుపులో ఆమ్లం పెరుగుతుంది. వెంటనే గింజ ఆపేసి ఎండు గడ్డి మాత్రమే పెట్టండి, పశువైద్యుడిని పిలిపించండి. టెన్షన్‌లో నోట్లో సీసా పెట్టి నూనె, నీళ్లు బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో చావు. కొత్తగా బార్లీ మొదలుపెట్టేటప్పుడు రెండు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ పోండి. పేడ ఉండ విరిచి చూస్తే గింజలు గింజలుగానే కనిపిస్తున్నాయా? అయితే బార్లీని రాత్రి నానబెట్టండి, లేదా పగలగొట్టి వేయండి.

కోళ్ల దాణా మిగిలిందని ఒంటెకు ఎప్పుడూ పెట్టొద్దు. అందులో కలిపే మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు ఒంటె గుండెను, కండరాలను దెబ్బతీస్తాయి. విరుగుడు లేదు.

మందంతా బాగుంది, ఒక్కటే చిక్కుతోంది

ఇది బహుశా మేత సమస్య కాదు. పళ్లు అరిగాయేమో నోరు తెరిచి చూడండి. జ్వరం వచ్చిపోతూ ఉండి, పొట్ట కింద నీరు చేరితే సర్రా కావచ్చు. కుట్టే ఈగల వల్ల వచ్చే ఈ జబ్బు ఎంత మేత వేసినా తగ్గదు. దాన్ని విడిగా కట్టి, రక్త పరీక్ష చేయించమని కఫీల్‌కి చెప్పండి. మాట మీద నమ్మకపోతే, నెల కిందటి మూపురం ఫోటో పక్కన ఈ రోజుది పెట్టి వాట్సాప్‌లో పంపండి.